నర్సింగ్ ఫండమెంటల్స్ టెస్టులో 'ముందు ఏం చేస్తావు' అని అడిగితే ఏది పెట్టాలి?

చెల్లీ, ఒడిశాలోని రాయగడలో జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) మొదటి ఏడాది చదువుతున్నావని, నార్మల్ విలువలన్నీ కంఠతా వచ్చినా 'ముందు ఏం చేస్తావు' అనే ప్రశ్న రాగానే నాలుగు ఆప్షన్లూ సరైనవే అనిపించి టెన్షన్ వస్తోందని రాశావు. నేను గుణుపురం వైపు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని, ట్రైనింగుకి వచ్చే పిల్లల్ని ఏటా వార్డులో చూస్తుంటాను. అలా అనిపించడంలో నీ తప్పేం లేదు. చాలాసార్లు ఆ నాలుగూ నిజంగా చేయాల్సిన పనులే, వాళ్లు అడిగేది వరస.

ఆ వరస పట్టుకోవాలంటే మొదట శ్వాసమార్గం, తర్వాత శ్వాస, తర్వాత రక్తప్రసరణ, మిగతావన్నీ ఆ వెనకే. ఇంకోటి, నర్సింగ్ ప్రాసెస్‌లో అసెస్‌మెంట్, అంటే పేషెంటు పరిస్థితిని పరిశీలించడం, మొదటిది కాబట్టి పేషెంటును చూడకుండా డాక్టరుకి ఫోన్ చేయడం సాధారణంగా జవాబు కాదు. కానీ ప్రశ్నలోనే ప్రమాదం కనిపిస్తుంటే మళ్లీ అసెస్ చేస్తూ కూర్చోకూడదు. మన వైపు సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) కేసులు ఎక్కువ, రక్తం ఎక్కించడం నువ్వు వార్డులో చూస్తూనే ఉంటావు. ఎక్కించడం మొదలెట్టిన కాసేపటికే పేషెంటుకి చలి, వణుకు, నడుం నొప్పి వచ్చాయనుకో, ముందు రక్తం ఎక్కించడం ఆపాలి. ఆ తర్వాతే కొత్త సెట్‌తో నార్మల్ సెలైన్ పెట్టి నరంలోని లైన్ మూసుకుపోకుండా నిలపడం, వైటల్స్ (పల్స్, బీపీ, శ్వాస, టెంపరేచర్) చూడటం, డాక్టరుకి చెప్పడం. మొదటి 15 నిమిషాలు పక్కనే నిలబడమనేది ఇందుకే. కారణం తెలిస్తే ఆప్షన్లు ఎలా తిప్పి ఇచ్చినా తడబడవు.

పేషెంటును గుర్తించడం గురించి పుస్తకంలో రెండు లైన్లే ఉంటాయి, నాకు మాత్రం అన్నిటికన్నా అదే ముఖ్యం. ఇక్కడి పల్లెల్లో పుట్టిన వారాన్ని బట్టి సోంబారి, బుధబారి, గురుబారి అని పేర్లు పెడతారు కదా, ఒకే వార్డులో ఇద్దరు సోంబారిలు ఉండటం మామూలే. ఇంజెక్షన్ పట్టుకెళ్లి 'సోంబారివేనా?' అంటే జ్వరంలో ఉన్న ముసలమ్మ దేనికైనా తలూపుతుంది. 'నీ పేరేంటమ్మా, ఏ ఊరు?' అని ఆమె చేతే చెప్పించి, కేస్ షీట్‌లో పేరు, రిజిస్ట్రేషన్ నంబరు చూడాలి. బెడ్ నంబరు ఎప్పుడూ గుర్తింపు కాదు, బెడ్లు మారుతూనే ఉంటాయి. టెస్టులో బెడ్ నంబరు ఒక ఆప్షన్‌గా వస్తుంది, దాన్ని పెట్టకు. సరైన పేషెంటు, మందు, మోతాదు, మార్గం, సమయం అనే అయిదింటిలో పేషెంటు తప్పితే మిగతా నాలుగూ సరిగ్గా ఉండీ లాభం లేదు.

పెద్దవాళ్లకి నిమిషానికి పల్స్ 60 నుంచి 100, శ్వాస 12 నుంచి 20 అని నీకు వచ్చు. అయితే శ్వాస లెక్కపెడుతున్నామని పేషెంటుకి ఎందుకు చెప్పకూడదో అడుగుతారు. చెప్పగానే మనిషి తెలియకుండానే ఊపిరి మార్చేస్తాడు. అందుకే పల్స్ చూశాక కూడా మణికట్టు వదలకుండా ఛాతీ వైపు చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టు. చలికాలం దుప్పటి కప్పుకుని ఉంటే ఆ చేతినే ఛాతీ మీద ఆనించి పట్టుకో, కదలిక నీ చేతికి తెలుస్తుంది. బీపీలో అయితే చేతి లావుకి చిన్నదైన కఫ్ (చేతికి చుట్టే పట్టీ) కడితే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది, ఇది కూడా తరచూ అడిగేదే.

సెలైన్ చుక్కల లెక్క అంటే పిల్లలు ఊరికే భయపడతారు. ఎక్కాల్సిన ఎంఎల్‌ని సెట్ డ్రాప్ ఫ్యాక్టర్‌తో (ఒక ఎంఎల్‌కి ఎన్ని చుక్కలో ఆ సంఖ్యతో) గుణించి నిమిషాలతో భాగించడమే. 500 ఎంఎల్ 4 గంటల్లో, 20 చుక్కల సెట్ అయితే 10,000ని 240తో భాగిస్తే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. 60 చుక్కల మైక్రో సెట్‌కి లెక్కే అక్కర్లేదు, గంటకి ఎన్ని ఎంఎల్ ఎక్కాలో నిమిషానికి అన్ని చుక్కలు. ఏ సెట్టో ప్రశ్నలోనే ఇస్తారు, అది చదవకుండా అలవాటు కొద్దీ 20తో చేసేయకు.