రాంచ్ రాయించుకునే ముందు మీ పేరున పాలసీ తీసుకోండి

టెక్సాస్ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది, కుదించి చెబుతున్నాను. నాన్నగారు 2001లో నాలుగున్నర లక్షల డాలర్లకు కొన్న 300 ఎకరాల రాంచ్ ఇప్పుడు 24 లక్షలు పలుకుతోంది. నాన్నగారికి 68, అమ్మగారికి 64, ఇద్దరూ సిటిజన్లే. ముగ్గురు పిల్లల్లో చిన్నవాడైన ఈయన (39 ఏళ్లు) పదకొండేళ్లుగా అక్కడే ఉండి పశువులు చూసుకుంటున్నారు. 45 ఆవులు, ఏటా దూడల అమ్మకం మీద దాదాపు 75 వేలు. అన్నయ్య సియాటిల్‌లో సాఫ్ట్‌వేర్, అక్క డాక్టర్. "రాంచ్ నీదేరా అని నాన్న ఎప్పుడూ అంటారు. ఎస్టేట్ టాక్స్ (చనిపోయినవారి ఆస్తి మీద వేసే పన్ను) పడకుండా ఇప్పుడే నా పేరున రాయించుకుని, దాని మీద 16 లక్షలు లోన్ తీసి అన్నయ్యకి, అక్కకి చెరో 8 లక్షలు ఇచ్చేస్తే రేపు గొడవలుండవు కదా?" అని ప్రశ్న. ఈయన భార్యకు ఉద్యోగం ఉంది, పిల్లలు ఇద్దరూ చిన్నవాళ్లు. బ్యాంకులో 14 వేలు, ట్రాక్టర్ మీద బాకీ 38 వేలు, లైఫ్ ఇన్సూరెన్స్ లేదు.

ఉత్తరం చివర ఏదో గుర్తొచ్చినట్టు రాసిన ఆ ఆఖరి మాట చూసే దీనికి జవాబు రాస్తున్నాను, ఎందుకంటే భూమి ఉన్న కుటుంబాలు చాలావరకు ఇదే తప్పు చేస్తాయి.

ముందు లోన్ సంగతి తేల్చేద్దాం. 16 లక్షలకు 7 శాతం వేసుకున్నా ఒక్క వడ్డీయే ఏడాదికి లక్షా 12 వేలు. దూడలన్నీ అమ్మితే మీకు వచ్చేది 75 వేలు, అదీ మేత, డీజిల్, డాక్టరు ఖర్చు తీయకముందు. అసలు మాట దేవుడెరుగు, వడ్డీకే చాలదు. ఈ లెక్క ఒక్కసారైనా కాగితం మీద వేసి చూశారా? అన్నదమ్ముల మధ్య గొడవ రాకూడదని మొదలుపెట్టి, చివరికి రాంచ్ తీసుకెళ్లి బ్యాంకు చేతిలో పెట్టే ప్లాన్ ఇది. వర్షం లేని ఒక్క ఏడాది చాలు.

ఇక ఎస్టేట్ టాక్స్ భయం. 2026లో ఫెడరల్ మినహాయింపు మనిషికి కోటిన్నర డాలర్లు, టెక్సాస్‌లో రాష్ట్రం పన్ను అసలే లేదు. 24 లక్షల ఆస్తికి ఆ టెన్షన్ ఎందుకు? పైగా నాన్నగారు బతికుండగా గిఫ్ట్‌గా తీసుకుంటే ఆయన కొన్న నాలుగున్నర లక్షల ధరే మీ కొనుగోలు ధర అవుతుంది. రేపెప్పుడైనా అమ్మాల్సి వస్తే ఇవాళ్టి ధరకే దాదాపు 19.5 లక్షల లాభం మీద పన్ను లెక్క. అదే వారసత్వంగా వస్తే ఆ రోజు మార్కెట్ ధరే మీ ధర. ఇంకోటి, వచ్చే ఐదేళ్లలో అమ్మగారికో నాన్నగారికో నర్సింగ్ హోమ్ అవసరమై మెడికెయిడ్ (ఆదాయం, ఆస్తి తక్కువున్నవాళ్లకు ప్రభుత్వమిచ్చే వైద్య సాయం) అడగాల్సి వస్తే ఈ గిఫ్ట్‌ను బయటికి తీస్తారు. పడని పన్ను తప్పించుకోబోయి పడే పన్ను నెత్తిన వేసుకోకండి.

ఇప్పుడు అసలు విషయం. ఇంట్లో అందరూ నాన్నగారి తర్వాత ఏంటని ఆలోచిస్తున్నారు, బాగానే ఉంది. కానీ రోజూ ట్రాక్టర్ ఎక్కేది మీరు. ఇక్కడ వ్యవసాయ మరణాల్లో ముందుండే కారణం ట్రాక్టర్ తిరగబడటమే. మీకేదైనా అయితే ఏ ఆవు చూలుతో ఉందో, ఏ తొట్టిలో ఫ్లోట్ వాల్వ్ ఇరుక్కుంటుందో, చెవి ట్యాగుల నంబర్లు ఏ నోట్‌బుక్‌లో ఉన్నాయో మీ ఆవిడకు తెలుసా? నెల తిరగకుండా ఆ 45 ఆవులూ వేలానికి వెళ్తాయి, ట్రాక్టర్ బాకీ మాత్రం ఆవిడ దగ్గర ఉంటుంది. అందుకే మొదటి పని మీ పేరున 15 లక్షలకు 20 ఏళ్ల టర్మ్ పాలసీ. ఆరోగ్యంగా ఉన్న 39 ఏళ్ల మనిషికి దాని ప్రీమియం మీరడిగిన లోన్ మీద వడ్డీలో ఏ మూలకూ రాదు. రెండోది డిసెబిలిటీ కవర్. చావు కంటే నడుం విరిగి మంచాన పడటమే ఇంటిని ఎక్కువ కుంగదీస్తుంది. సొంతంగా పశువులు పెంచుకునే వాళ్లకి అది అంత తేలిగ్గా ఇవ్వరు, అయినా నలుగుర్ని అడగండి.

14 వేలను ఎమర్జెన్సీ ఫండ్ అనకండి. 2011 కరువులో టెక్సాస్‌లో గడ్డి దొరక్క, దొరికినా కొనలేక మందలకు మందలు అమ్మేసుకున్నారు. 2024 ఫిబ్రవరిలో రాష్ట్రం ఉత్తర కొసన ఉన్న పాన్‌హ్యాండిల్‌లో పది లక్షల ఎకరాలకు పైగా తగలబడింది. ఆరు నెలల ఇంటి ఖర్చు, ఒక చలికాలం మేతకయ్యే డబ్బు, రెండూ విడివిడిగా, ముట్టుకోకుండా ఉండాలి. అవి చేరేదాకా కొత్త ట్రెయిలర్, కొత్త ఎద్దు లాంటివి మర్చిపోండి.

అన్నయ్య, అక్కల వాటాకీ దారి ఇన్సూరెన్స్‌లోనే ఉంది. అమ్మానాన్నలిద్దరి మీద కలిపి, ఇద్దరూ పోయాకే డబ్బు వచ్చే సర్వైవర్‌షిప్ పాలసీ తీసుకుంటే ఒక్కరి మీద తీసుకునేదాని కంటే చవక. లబ్ధిదారులుగా వాళ్లిద్దరి పేర్లు పెట్టండి. 16 లక్షలకే ఉండాలని లేదు. జీతం లేకుండా మీరు చేసిన పదకొండేళ్ల చాకిరీ కూడా లెక్కలోకి రావాలి కదా, ఆ మాట ముగ్గురూ ఒకచోట కూర్చున్నప్పుడు మీరే ఎత్తండి, సిగ్గుపడొద్దు.

రాంచ్‌కి ఎల్‌ఎల్‌సీ (వాటాలుగా పంచుకోగల చిన్న కంపెనీ) పెట్టి, మిగతావాళ్ల వాటాలు ఏళ్ల తరబడి వాయిదాల్లో మీరు కొనుక్కునేలా ఒప్పందం రాసుకోవడం కూడా మంచిదే, లాయర్ చూసుకుంటారు.

వీలునామా మాత్రం ఈ ఏడాదే. "నీదేరా" అన్న మాట కోర్టులో ఎంతవరకు నిలుస్తుందో మీరే ఊహించుకోండి. వీలునామా లేకపోతే చివరికి ముగ్గురికీ విడదీయని ఉమ్మడి వాటాలు వస్తాయి, వాళ్లలో ఒక్కరు పంపకం కావాలని కోర్టుకెళ్లినా చాలు, రాంచ్ అమ్మకానికి రావచ్చు. 2017లో టెక్సాస్ తెచ్చిన చట్టం మిగతా వారసులకు ఆ వాటా కొనుక్కునే అవకాశం ఇస్తుంది నిజమే, కానీ అప్పుడు కొనడానికి మీ దగ్గర ఏముంటుంది, 14 వేలా?

ఈ వారం టర్మ్ పాలసీకి మెడికల్ పరీక్ష బుక్ చేయించుకోండి. నాన్నగారితో ఒక రాతపూర్వక లీజు చేసుకోండి, పదకొండేళ్లుగా అదీ లేదట. లోన్ అప్లికేషన్ సగం నింపానన్నారు, మిగతా సగం నింపకండి.