బండి రంగు ప్రశ్నలు: మ్యాట్ క్లియర్‌లో చారలు

ప్రశ్న: గాజువాక ఆటోనగర్‌లో పెయింటింగ్ షెడ్డు నడుపుతున్నాను. నలుపు మ్యాట్ కారుకి బానెట్ మొత్తం కొత్తగా వేశాం. ఎండలో చూస్తే పొడుగునా చారలు, అంచుల్లో మెరుపు. 2000 నంబరు ఉప్పుకాగితంతో రుద్ది పాలిష్ పెడదామంటున్నాడు మా కుర్రాడు. పెట్టొచ్చా?

జవాబు: వద్దండి, ఆ పేపరు లాక్కోండి ముందు. మెరిసే క్లియర్‌లో (రంగు మీద వేసే పారదర్శక పొర) తప్పు వస్తే రుద్ది దిద్దుకుంటాం. మ్యాట్‌లో ఆ దారి లేదు. ఇందులో సాధారణంగా సన్నటి సిలికా పొడి కలిసి ఉంటుంది. పొర ఆరి కుంచించుకుంటే కంటికి ఆనని గరుకు తేలి, వెలుతురును చెదరగొడుతుంది. పాలిష్ పెట్టారా, గరుకు అరిగి అక్కడ అద్దంలా మెరుస్తుంది. బానెట్ మళ్లీ వేయాల్సిందే. మచ్చవరకు వేసి చుట్టూ కలిపేయడమూ కుదరదు, కలిపిన గీత కనబడిపోతుంది. పూర్తిగా ఆరాక 800 పేపరుతో సమంగా రుద్ది, బేస్ కోటు (రంగు పొర), దానిమీద క్లియర్.

చారలు ఎందుకు వచ్చాయంటే, మొదటి అనుమానం డబ్బా అడుగు. పొడి అక్కడ పేరుకుంటుంది. హార్డెనర్ (క్లియర్‌ను గట్టిపరిచే ద్రవం) పోయకముందే వెడల్పాటి పుల్లతో అడుగు గీకి కలపాలి. లేకపోతే పైది మెరుస్తుంది, చివరిది తెల్లబారుతుంది. హార్డెనర్ కొలత డబ్బా మీద ఉన్నదే. 2:1 అని ఉంటే 400 మి.లీ. క్లియర్‌కు 200. కంటి అందాజు వద్దు. బానెట్‌కు సరిపడా ఒకేసారి కలుపుకోండి. మధ్యలో అయిపోయి మళ్లీ కలిపితే ఆ రెండో గిన్నె మెరుపు వేరేగా ఉండొచ్చు.

రెండో అనుమానం తొందర. మొదటి కోటింగ్ తడి మెరుపు పోయి, బానెట్ అంతా ఒకేలా మసకబారేవరకు ఆగాలి. గడియారం కాదు, పొరను చూడండి. ఉక్కపోత రోజున 15 నిమిషాలు చాలకపోవచ్చు. అలా ఆగకుండా రెండోది వేస్తే థిన్నర్ లోపలే చిక్కుకుని మెరుపు అతుకులు అతుకులుగా తేలుతుంది. రెండో కోటింగ్ మొదటిదానికి అడ్డంగా, గన్ అంతే దూరంలో, అంతే వేగంతో, సగానికి సగం కలుస్తూ వెళ్లాలి. అంచుల్లో మెరుపుకు కారణం ఇక్కడే ఉంది: చెయ్యి అక్కడ ఆగి తిరుగుతుంది, మందం పెరుగుతుంది, మందమైతే మెరుస్తుంది. ట్రిగ్గర్ వదలాల్సింది ప్యానెల్ దాటాక.

విశాఖ గాలి సంగతీ చూసుకోవాలి. తేమ ఎక్కువున్నప్పుడు త్వరగా ఆరే థిన్నర్ వాడితే పైపొర చల్లబడి, గాలిలో నీరు దానిమీద పట్టి తెల్లటి పొగలా నిలుస్తుంది. నెమ్మదిగా ఆరే థిన్నర్ తీసుకోండి. క్లియర్‌లో పడ్డ దుమ్ము రేణువును తర్వాత కోసి తీయలేరు. కాబట్టి నేల తడిపి, బేస్ కోటు మీద టాక్ గుడ్డ (దుమ్ము పట్టే జిగురు గుడ్డ) ఆడించి, అప్పుడు గన్ పట్టండి. ముందుగా రేకు ముక్క మీద వేసి, పూర్తిగా ఆరాకే పక్క ఫెండరుతో పోల్చండి. తడిలో ఏ మ్యాటైనా మెరిసేదే. హార్డెనర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది, ముఖానికి కట్టుకున్న గుడ్డ దాన్ని ఆపదు.

ప్రశ్న: నా బైకు ట్యాంకు మ్యాట్. వాటర్ వాష్‌లో మైనం పాలిష్ పూసి ఇచ్చారు. ఇప్పుడు అక్కడక్కడా మెరుపు మచ్చలు. పోతాయా? (ఎంవీపీ కాలనీ)

జవాబు: మైనం గరుకు సందుల్లో కూరుకుని ఉంటే పోతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది తీయండి. గట్టిగా రుద్దకండి. రెండు మూడుసార్లు చేసినా మచ్చ అలాగే ఉంటే అది మైనం కాదు, పాలిష్‌లోని కాంపౌండ్ (అరగదీసే పదార్థం) పైపొరను చదును చేసేసిందన్నమాట. ట్యాంకుకు మళ్లీ క్లియర్ వేయించడమే.

బీచ్ రోడ్డులో రోజూ తిరిగే బండి అయితే ఉప్పు, ఇసుక పేరుకుంటాయి. ముందు మంచినీళ్లు ధారగా పోసి, తర్వాతే గుడ్డ తగిలించండి. పెట్రోలు ఒలికితే అప్పటికప్పుడే అద్దండి. పక్షి రెట్ట ఎండేదాకా ఆగితే మచ్చ దిగిపోతుంది.

ప్రశ్న: మెరిసే క్లియర్‌లోనే మ్యాట్ పేస్ట్ కలిపితే ఖర్చు తగ్గుతుంది కదా? (పెందుర్తి)

జవాబు: ఆ క్లియర్ కోసం అదే కంపెనీ చేసిన పేస్ట్ అయితే కలపొచ్చు, వాళ్లిచ్చిన పాళ్లలో, తూకం వేసి. ఎక్కడిదో పేస్ట్ అయితే వద్దు. ఎక్కువైతే పొర బలహీనపడి గోటికే గీత పడుతుంది. తర్వాత ఒక్క తలుపు మళ్లీ వేయాల్సివస్తే అదే మసక రప్పించడం దాదాపు అసాధ్యం.