గాబ్లిన్‌కి యాభై, మాటకు సున్నా

పోయిన నెల కొత్త పాత్రను తయారు చేసుకోవడం గురించి రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి: పాత్రకు లెవెల్ ఎలా పెరగాలి? అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే. కొత్త పాఠకుల కోసం ఒక మాట. ఇవి కాగితం, పెన్సిలు, పాచికలు పెట్టుకుని నలుగురు కూర్చుని ఆడే కథల ఆటలు. ఒకరు కథ నడుపుతారు, వాళ్లను డీఎం అంటాం. మిగతావాళ్లు ఒక్కో పాత్రగా మాట్లాడతారు. పాత్రకు అనుభవ పాయింట్లు చేరేకొద్దీ లెవెల్ పెరుగుతుంది, బలం పెరుగుతుంది.

ప్రశ్న: అక్కా, మేం ఇంటర్ సెకండియర్. నేను డీఎంని, ఆడేవాళ్లు ఐదుగురు. ఇద్దరికి కనపడినదాన్నల్లా నరకడమే పని. మాటతో తేలిపోయే చోట కూడా కత్తి తీస్తారు. అడిగితే 'చంపితేనే గదా పాయింట్లు' అంటారు. మిగతా ముగ్గురు విసుగెత్తి ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ ఇద్దరినీ మార్చేదెలా? (కావలి నుంచి ఒక విద్యార్థి)

తమ్ముడూ, ముందు వాళ్ల మీద కోపం తగ్గించుకో. నువ్వు పెట్టిన లెక్కను వాళ్లు సరిగ్గా అర్థం చేసుకున్నారు, అంతే. మీరు ఆడేది డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ అని రాశావు. 2014లో వచ్చిన ఆ పుస్తకం ప్రకారం రెండో లెవెల్‌కి 300 పాయింట్లు కావాలి. గాబ్లిన్ అనే చిన్న రాక్షసుడిని ఒకదాన్ని ఓడిస్తే 50. అది ఐదుగురూ పంచుకుంటే మనిషికి 10. అంటే మీ జట్టు రెండో లెవెల్‌కి చేరడానికి ముప్పై గాబ్లిన్లు కావాలి. ముప్పై తలలు తెమ్మని లెక్క చెబుతుంటే, వాడు ఊరి పెద్దతో మాట్లాడుతూ ఎందుకు కూర్చుంటాడు?

ఇది నేను నా టేబుల్ దగ్గర నేర్చుకున్నాను. నెల్లూరు మూలాపేటలో మా మేడ మీద గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఆరున్నర దాకా ఆట. నా దగ్గరికి లెక్కల ట్యూషన్‌కి వచ్చే పిల్లల్లో ఆరుగురు ఆడతారు. మా నాన్న బియ్యం కొట్టు లెక్కలు రాసుకున్న పొడుగు పుస్తకాల్లో ఒకటి ఖాళీగా మిగిలితే, దాన్లోనే ఒక్కొక్కరి పాయింట్లు రాస్తాను. మొదటి ఏడాది కథ పెన్న ఒడ్డున నడిచింది. రాత్రిపూట పడవలు దోచుకునేవాడు ఒకడు పిల్లలకు పట్టుబడ్డాడు. చేతులు జోడించి, వదిలేస్తే ముఠా ఎక్కడుందో చెబుతానన్నాడు. ఎనిమిదో తరగతి పిల్లవాడు నా వైపు తిరిగి, "వదిలేస్తే పాయింట్లు వస్తాయా మేడం?" అని అడిగాడు. రావన్నాను. ఆ దొంగను చంపేశారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అడిగిన పిల్లవాడు వీధిలో కుక్కపిల్ల కుంటితే ఎత్తుకుని ఇంటికి తీసుకుపోయే రకం. వాడి చేత అలా చేయించింది నా 'రావు' అన్న మాటే. లేచి రూల్ పుస్తకం మళ్లీ చదివాను. శత్రువును తరిమేసినా, పట్టుకున్నా పాయింట్లు ఇవ్వొచ్చు. పోరాటం లేని చిక్కును దాటినా ఇవ్వొచ్చు. అంతా అందులోనే ఉంది, నేనే పట్టించుకోలేదు. మరుసటి ఆదివారం పిల్లలందరి ముందూ ఆ తప్పు నాదేనని చెప్పాను.

ఈ ఆట పుట్టినప్పుడు లెక్క వేరేగా ఉండేది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన మొదటి డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌లో పాయింట్లు ముఖ్యంగా నిధి నుంచే వచ్చేవి. ఒక బంగారు నాణెం బయటికి తెస్తే ఒక పాయింటు. అదే ఆటకు 1981లో వచ్చిన బేసిక్ సెట్‌లో యోధుడి పాత్ర రెండో లెవెల్‌కి రావడానికి 2,000 పాయింట్లు, మాంత్రికుడి పాత్రకు 2,500, దొంగ పాత్రకు 1,200 కావాలి. అదే సెట్‌లో గాబ్లిన్ విలువ 5 పాయింట్లు మాత్రమే. ఐదు పాయింట్ల కోసం ప్రాణం మీదికి తెచ్చుకునేవాడు ఉండడు. అందుకే ఆ రోజుల్లో ఆడేవాళ్లు చప్పుడు కాకుండా వెళ్లి, మూట సర్దుకుని బయటపడే దారులు వెతికేవాళ్లు.

ఒక దసరా సెలవుల్లో నేను ఆ పాత పద్ధతే పెట్టి చూశాను. ఉదయగిరి కోట మా పిల్లలందరికీ తెలుసు, 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట. ఆ కొండ మీద గుహలో 600 నాణేల పెట్టె ఉందని, నాణెం ఒక్కింటికి ఒక పాయింటని ముందే చెప్పాను. పెట్టె బరువు కూడా చెప్పాను, ఇద్దరు మోయాలి. రెండు గంటలు ఆడారు. కాపలావాళ్లకు చేపల పులుసు, సంకటి పంపించారు. తాడు పొడవు సరిపోక తలపాగాలు ముడేశారు. పెట్టెను గడ్డిబండిలో దించారు. ఒక్కరూ కత్తి తీయలేదు. పెన్న ఒడ్డున దొంగను చంపిన పిల్లలే వీళ్లు.

కాబట్టి నువ్వు ఆ ఇద్దరికీ ఏమీ చెప్పొద్దు. ఆట మొదలవక ముందు మూడు పనులు కాగితం మీద రాసి అందరికీ కనపడేలా గోడకు అంటించు. ఉప్పుమళ్ల కాపలాదారు దేనికి భయపడుతున్నాడో కనుక్కుంటే జట్టుకు ఇన్ని పాయింట్లు, తప్పిపోయిన పడవను ఒడ్డుకు చేరిస్తే ఇన్ని, రేవు దొరగారి చేత మాట ఇప్పిస్తే ఇన్ని. ఎలా చేశారన్నది వాళ్లిష్టం. ముందుగా చెప్పడమే ఇందులో కీలకం. ఆట అయ్యాక 'బాగా మాట్లాడావు, వంద తీసుకో' అంటే అది నీ దయ అవుతుంది. వచ్చేవారం ఏం చేయాలో వాడికి దాన్నుంచి తెలియదు.

ప్రశ్న: మా జట్టులో ఒకడు రొయ్యల చెరువు దగ్గర పనిచేస్తాడు. పట్టుబడి రోజుల్లో రెండు మూడు వారాలు రాలేడు. వాడి పాత్ర మూడో లెవెల్లో ఆగిపోయింది, మేం ఐదులో ఉన్నాం. రాని రోజులకు పాయింట్లు ఇవ్వడం న్యాయమేనా? (అల్లూరు)

ఇవ్వండి. అందరితో సమానంగా ఇవ్వండి. పనికి పోయి రాలేని మనిషికి ఆటలో జరిమానా వేయకూడదు.

పాత ఆటల్లో ఈ చిక్కు దానంతటదే కొంత తీరేది. 1981 నాటి బేసిక్ సెట్, దాని తరువాయి ఎక్స్‌పర్ట్ సెట్ కలిపి యోధుడి పట్టిక చూడండి: 2,000, 4,000, 8,000, 16,000, ప్రతి మెట్టుకూ రెట్టింపు. 8,000తో నాలుగో లెవెల్లో ఉన్నవాడు ఐదుకు చేరేసరికి ఇంకో ఎనిమిది వేలు సంపాదించాలి. ఆ లోపల సున్నా నుంచి మొదలుపెట్టినవాడు కూడా ఎనిమిది వేలు చేర్చి నాలుగుకు వచ్చేస్తాడు. తేడా ఒక్క లెవెలే. ఐదో ఎడిషన్ పట్టికలో పై మెట్లకు ఆ రెట్టింపు ఉండదు, పైగా రెండు లెవెళ్లు తక్కువున్నవాడు అందరికన్నా ముందే పడిపోతాడు. వచ్చిన ఒక్క రోజూ పడుకుని ఉండాలా?

అసలు మీకు పాయింట్లే అక్కర్లేదేమో. కథలో ఒక ఘట్టం ముగిసినప్పుడు అందరికీ ఒకేసారి లెవెల్ పెంచే పద్ధతి ఉంది, మైల్‌స్టోన్ అంటారు. ఎన్నిసార్లు కూర్చున్నారో లెక్కపెట్టి పెంచే పద్ధతీ ఉంది. 2014 డీఎం పుస్తకం సూచన ప్రకారం మొదటి ఆట ముగిసేసరికి రెండో లెవెల్, ఇంకో ఆటకు మూడు, ఆ తర్వాత రెండు ఆటలకు నాలుగు. అయితే అది కూడా జట్టు మొత్తానికి వర్తింపజేయండి, హాజరు పట్టీ తీయొద్దు.

ప్రశ్న: మేడం, నేను డిగ్రీ కాలేజీలో చెబుతాను. ఒక్క రాత్రిలో లెవెల్ పెరిగి వంటవాడికి ఈత, కత్తి, తాళం తీయడం అన్నీ మెరుగైపోవడం నాకు మింగుడు పడదు. మనిషి నేర్చుకునే తీరుకు దగ్గరగా ఉండే ఆట ఏదైనా ఉందా? (మార్కాపురం)

ఉందండీ, నాకు చాలా ఇష్టమైనది. 1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్‌లో లెవెళ్లే లేవు. ప్రతి నైపుణ్యానికీ నూటికి ఇంత అని ఒక అంకె ఉంటుంది. ఆటలో ఆ పని చేసి నెగ్గితే దాని పక్కన టిక్కు పెడతారు. సాహసం ముగిశాక టిక్కు ఉన్న ప్రతి నైపుణ్యానికీ నూరు వరకు పడే పాచికలు వేస్తారు. ఇక్కడే దాని అందం ఉంది: పెరగాలంటే మీ అంకె కన్నా ఎక్కువ పడాలి. ఈత 30 ఉన్నవాడికి నూటికి డెబ్భై అవకాశాలు. 90 ఉన్నవాడికి పదే. ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కేవాళ్లను గమనిస్తే ఇదే కనపడుతుంది. కొత్తగా చేరినవాడి పని నెలనెలా బాగుపడుతుంది. పెద్దాయన పనితనంలో తేడా కనపడాలంటే ఏళ్లు పట్టాలి.

ఇబ్బంది కూడా చెప్పాలి. టిక్కుల కోసం పాకులాడేవాళ్లు తయారవుతారు. ఒక దెబ్బ కత్తితో వేసి, టిక్కు పడగానే ఈటె తీసి, ఆ తర్వాత గొడ్డలి. మా టేబుల్ దగ్గర ఒకడు మూడు ఆయుధాలు మోసుకు తిరిగాడు. నిజంగా ప్రమాదం ఉన్నప్పుడే టిక్కు అని నేను గట్టిగా నియమం పెట్టాను, ఆ సంత ఆగింది. 1981 నాటి కాల్ ఆఫ్ కతుల్హు కూడా ఈ పద్ధతే వాడుతుంది. ఇంకా వెనక్కి వెళితే 1977 ట్రావెలర్ ఉంది, అందులో పాత్ర ఆట మొదలవక ముందే ఉద్యోగం చేసి నైపుణ్యాలన్నీ తెచ్చుకుంటుంది. ఆ ఉద్యోగంలోనే చనిపోయే అవకాశం కూడా ఉంటుంది. మీరు మాత్రం రూన్‌క్వెస్ట్‌తో మొదలుపెట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఫోన్‌లో ఒక ఆటలో ఒకే చోట తిరుగుతూ ఒకే రాక్షసుల్ని రాత్రి పదకొండు దాకా కొడుతుంటాడు. లెవెల్ పెరగాలట. నాకు టెన్షన్‌గా ఉంది. (ఒంగోలు నుంచి ఒక తల్లి)

అమ్మా, దాన్ని గ్రైండింగ్ అంటారు, పప్పు రుబ్బినట్టు ఒకే పని తిప్పి తిప్పి చేయడం. 1986లో జపాన్‌లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ అనే వీడియో గేమ్ నాటి నుంచీ ఉన్న అలవాటే. 1988 నాటి ఫైనల్ ఫాంటసీ రెండో భాగంలో దెబ్బలు తిన్న పాత్రకు ప్రాణబలం పెరిగేలా పెట్టారు. ఆడేవాళ్లు తమ జట్టువాళ్లనే కొట్టుకుని బలం పెంచుకున్నారు. మీ వాడిలో లోపమేమీ లేదు, ఆ ఆట దేనికి పాయింట్లు ఇస్తే వాడు అది చేస్తున్నాడు.

కోప్పడే ముందు పక్కన కూర్చుని ఒక ప్రశ్న అడగండి: "ఈ లెవెల్ వస్తే నువ్వు చేయగలిగే కొత్త పని ఏంది నాయనా?" ఫలానా పెద్ద రాక్షసుడిని దాటలేకపోతున్నా, ఈ మంత్రం వస్తే దాటతా అన్నాడంటే వాడి దగ్గర ఒక ఆలోచన ఉంది. ఎన్ని రోజులు పడుతుందో వాడి చేతే లెక్క వేయించండి, సమయం ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. జవాబు లేకపోతే, పదిన్నరకు ఫోన్ మీ దగ్గర పెట్టుకోండి. ఇంకొకటి: కొన్ని ఫోన్ ఆటలు డబ్బు తీసుకుని లెవెళ్లు త్వరగా పెంచుతాయి. మీ ఫోన్‌లో కొనుగోళ్లకు పాస్‌వర్డ్ ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.

ప్రశ్న: మా చెల్లి మాతో కూర్చుంటుంది కానీ పాచిక వేయదు. 'నేను వెనకాల ఉంటాను' అంటుంది. తప్పు పడుతుందని భయం. ఏం చేయను అక్కా? (గూడూరు)

మా టేబుల్‌కీ అలాంటి పిల్ల వచ్చింది. పదో తరగతి. ట్యూషన్‌లో కూడా సరైన జవాబు తెలిసినా నోరు విప్పేది కాదు. నాలుగు ఆదివారాలు గడిచినా ఆ అమ్మాయి పేరు పక్కన నా పుస్తకంలో ఒక్క గీత లేదు. అప్పుడు అందరినీ డన్జన్ వరల్డ్‌కి మార్చాను. 2012 నాటి ఆట. ఆరు ముఖాల పాచికలు రెండు వేయాలి, దానికి పాత్ర బలం కలపాలి. పది, ఆపైన వస్తే పని జరిగినట్టు. ఏడు నుంచి తొమ్మిదైతే జరుగుతుంది కానీ ఏదో ఒకటి పోతుంది. ఆరు, అంతకు తక్కువ వస్తే పని చెడుతుంది, అనుభవ పాయింటు మాత్రం వస్తుంది. ఓడినందుకే పాయింటు. మొదటి లెవెల్ నుంచి రెండుకు ఎనిమిది పాయింట్లు చాలు. ఆట చివర కూడా అందరినీ కొన్ని ప్రశ్నలు అడుగుతారు: ఈ లోకం గురించి ముఖ్యమైన కొత్త సంగతి తెలిసిందా, చెప్పుకోదగ్గ శత్రువును దాటామా, గుర్తుండిపోయే నిధి దొరికిందా? అవునన్న ప్రతిదానికీ అందరికీ ఒక్కో పాయింటు.

మొదటి రోజు ఒకే ఒక్కసారి వేసింది. నాలుగు పడింది. తాడు తెగి బావిలో పడింది పాత్ర. ముఖం చిన్నబుచ్చుకుంది. పుస్తకం తన ముందుకు జరిపి, "పాయింటు నీదే, నువ్వే రాసుకో" అన్నాను. టిక్కు పెట్టుకుని చాలాసేపు దాన్నే చూసింది. మూడో వారానికి, మిగతావాళ్లు తలుపు ముందు తర్జనభర్జన పడుతుంటే తనే పాచికలు లాక్కుంది. ఆరుగురిలో మొదట రెండో లెవెల్‌కి వచ్చింది ఆ పిల్లే. ఎనిమిది టిక్కుల్లో ఆరు ఓడినప్పుడు వచ్చినవి.

మీరు డీఎం అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. ఓడినప్పుడు కథ ఆగిపోకూడదు. 'తలుపు తెరుచుకోలేదు' అని ఊరుకుంటే పాయింటు ఇచ్చినా ఓదార్పులాగే ఉంటుంది. తలుపు తెరుచుకుంది, లోపల ఎవరో దీపం ఆర్పేశారు అనండి. మీ చెల్లి పాత్ర ఏం చేస్తుందో తననే అడగండి, వెంటనే జవాబు రాకపోతే ఎదురు చూడండి, మీరు అందించొద్దు. టిక్కు మాత్రం మీరు పెట్టొద్దు, పెన్సిలు తన చేతికే ఇవ్వండి.