ముఖం తిప్పుకుంటే విననట్టేనా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది. ఎదురుగా కూర్చోబెట్టి, నా ముఖం చూడమని చెప్పి మాట్లాడితే సగం మాటలు అందుకోడు. కిటికీ వైపు తిరిగి ఉన్నప్పుడు అడిగితే చక్కగా జవాబిస్తాడు. వినికిడి పరీక్షలో లోపమేమీ లేదన్నారు. బడిలో మాత్రం దీన్ని నిర్లక్ష్యం అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వినికిడి పరీక్ష ముందుగా చేయించడం మంచిదైంది. అయితే చెవి శబ్దాన్ని అందుకుంటోందా అన్నదే ఆ పరీక్ష చెబుతుంది గానీ, విన్నదాన్ని కన్ను చూసినదానితో మెదడు ఎలా జోడిస్తోందో చెప్పదు.

చెరువు అవతలి గట్టున బండ మీద బట్టలు ఉతుకుతుంటే, చేయి దిగిన కాసేపటికి గానీ ఇవతలికి దెబ్బ వినిపించదు. దగ్గరికి వెళితే రెండూ ఒకటైపోతాయి. నిజానికి దగ్గరలోనూ చూపు, శబ్దం మెదడులో సరిగ్గా ఒకే క్షణాన చేరవు. ఆ కొద్దిపాటి తేడాను సర్దుకుని, రెండూ ఒకే సంఘటనకు చెందినవని మెదడే లెక్క కడుతుంది. ఈ సర్దుబాటుకు ఉండే కాలపరిమితి ఆటిజం ఉన్న పిల్లల్లో, ముఖ్యంగా మాటల విషయంలో, సగటున మరింత వెడల్పుగా ఉంటుందని అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించారు. వెడల్పు ఎక్కువైతే మేలే కదా అనిపిస్తుంది. కానీ అప్పుడు సంబంధం లేని కదలికా, సంబంధం లేని శబ్దమూ ఒకే మూటలో పడి, ఏ పెదవి కదలికకు ఏ అక్షరమో తేల్చుకోవడం కష్టమవుతుంది.

1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే శాస్త్రవేత్తలు ‘గ’ అంటున్న పెదవులకు ‘బ’ అనే శబ్దాన్ని జతచేసి చూపితే, చాలామందికి ఆ రెండూ కాక ‘డ’ వినిపించింది. ఆటిజం ఉన్న పిల్లలు ఈ భ్రమకు సగటున తక్కువగా లోనవుతారు. భ్రమలో పడకపోవడం గొప్పే అయినా, గోలలో మనమందరం ఆసరా చేసుకునే పెదవుల సాయం వారికి అంతగా అందదనడానికి అది గుర్తు. బాగా మాట్లాడగలిగిన పిల్లల్లో ఈ తేడా కౌమారం నాటికి చాలావరకు తగ్గుతున్నట్టు కూడా పరిశోధనల్లో కనిపించింది.

మీ బాబును చూడకుండా కారణం ఇదేనని నేను తేల్చి చెప్పలేను. కానీ ముఖం తిప్పుకోవడం అతనికి వినే పద్ధతి అయివుండవచ్చు. ‘నా కళ్లలోకి చూడు’ అనడం మన పెద్దరికానికి అలవాటైన మాట, దాన్ని మానేయండి. మాట్లాడేముందు టీవీ కట్టేయండి, ఒకసారికి ఒక్క విషయమే చెప్పండి. పేరుకు ‘ఇంద్రియాల జోడింపు’ అనే అర్థం ఉన్నంత మాత్రాన, ఊగడం, తాకడం వంటి ఆటలతో చేయించే సెన్సరీ ఇంటిగ్రేషన్ థెరపీ ఈ చూపు–వినికిడి జోడింపును సరిచేస్తుందనుకోకండి. ఫీజు కట్టేముందు దాని లక్ష్యమేమిటో రాయించుకోండి.

ఇక బడి సంగతి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది కనుక, గోల తక్కువగా ఉండే చోట కూర్చోబెట్టమనీ, ముఖ్యమైన సూచనలను బోర్డు మీద రాయమనీ అడగడం దయను అర్థించడం కాదు. వెళ్లేముందు ఒక వారం పాటు రోజూ పది చిన్న పనులు చెప్పండి: ఈ పరిశీలన కోసం మాత్రమే ఐదు ముఖం చూడమని, ఐదు అతని ఇష్టానికి వదిలేసి. ఎన్ని చేశాడో రాసిపెట్టి, ఆ కాగితాన్నే టీచర్‌కు చూపించండి.