కొంగ కాళ్ళు చూడు అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆకివీడు కాలువ గట్టున నువ్వు తీసిన ఫొటోలు చూశాను, చాలా సంతోషమేసింది. కాకపోతే సగం ఫొటోల కింద ‘తెల్ల కొంగ’ అనే రాశావు. మన చేలల్లో తిరిగే తెల్ల కొంగలే నాలుగు రకాలురా.

తెలుపు సంగతి వదిలేసి ముక్కూ కాళ్ళూ చూడు. ముక్కు నలుపు, కాళ్ళు నలుపు, పాదాలు మాత్రం పసుపు రాసుకున్నట్టు ఉంటే అది చిన్న కొంగ. బురదలో పాదాలు కనపడవు, ఎగిరేదాకా ఆగు. కాళ్ళు వెనక్కి చాపగానే తెలిసిపోతుంది. లోతులేని నీళ్ళలో ఒక కాలు వణికిస్తూ చేపపిల్లల్ని బెదరగొట్టి పట్టేది ఎక్కువగా ఇదే. పొట్టి మెడ, పసుపు ముక్కుతో గేదెల వెంట తిరిగేది పశువుల కొంగ. గుడ్లు పెట్టే కాలంలో దాని తలా మెడా నారింజ రంగుకి తిరుగుతాయి. అలాగని దమ్ము చేసే ట్రాక్టర్ వెనక మూగినవన్నీ అవే అనుకోకు, వాటిలో చిన్న కొంగలూ కలుస్తాయి.

ఇక మిగిలిన రెండు రకాలు, పెద్ద కొంగకీ మధ్యరకం కొంగకీ తేడా చెప్పడమే కష్టం. ముక్కు రంగు సీజన్‌ని బట్టి మారుతుంది, దాన్ని నమ్మకు. బైనాక్యులర్స్‌తో నోటి గీత చూడు. కన్ను దాటి వెనక్కి పోతే పెద్దది, కంటి కిందే ఆగిపోతే మధ్యరకం.

గట్టు మీద మట్టిరంగులో కదలకుండా కూర్చుని, లేచేసరికి తెల్లటి రెక్కలు విప్పేది గుడ్డికొంగ.

ఎగిరేటప్పుడు ఈ కొంగలన్నీ మెడ మడుచుకుంటాయి. మెడ ముందుకు చాచి ఎగిరితే నత్తగుల్ల కొంగో ఎర్రకాళ్ళ కొంగో అయ్యుంటుంది. నత్తగుల్ల కొంగకి ముక్కు మధ్యలో సందు ఉంటుంది. పిల్లలకి ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. అందుకే సందు లేదని వెంటనే కొట్టిపారెయ్యకు. ఎర్రకాళ్ళ కొంగకి పసుపు ముక్కు కొసన కిందికి వంగి, తోక దగ్గర గులాబీ ఈకలు కనిపిస్తాయి.

చలికాలంలో కొల్లేరు దగ్గరున్న ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళు, గూడబాతుల్ని, అదే పెలికాన్లని, తీరిగ్గా చూడొచ్చు. గూళ్ళ దగ్గరికి మాత్రం ఫొటో కోసం కూడా పోవద్దు. తల్లి బెదిరి లేచిందంటే గుడ్లు కాకుల పాలే. ఈసారి ఫొటోలు పంపేటప్పుడు పిట్ట ఏం చేస్తోందో, ఎంత లోతు నీళ్ళలో నిలబడిందో కూడా రాసి పంపు.

మీ మామయ్య