వీధికో టీవీ పెట్టుకోవచ్చా? (పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: మేం అజిత్‌సింగ్‌నగర్‌లో ఉంటాం. మా సందులో తెలుగువాళ్లం, ఉర్దూ మాట్లాడేవాళ్లు, రెండు మార్వాడీ కుటుంబాలు, ఒడిశా నుంచి పనికొచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు, అందరం ఉన్నాం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద మీదపడ్డప్పుడు పెద్ద ఛానళ్లన్నీ ఫ్లైఓవర్ దగ్గరే నిలబడి చూపించాయి, మా సందులోకి ఒక్కరూ రాలేదు. మనదంటూ ఓ కమ్యూనిటీ టీవీ ఉంటే బాగుండునని పదిమందిమి అనుకున్నాం. ఒకాయన దానికి లైసెన్సు ఇప్పిస్తానని మూడు లక్షలు అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?
– పేరు వేయొద్దన్న పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇవ్వకండి. ఇప్పటికే అడ్వాన్సు ఏమన్నా ఇచ్చి ఉంటే రసీదు ఎక్కడుందో చూసుకుని రేపే వెనక్కి అడగండి. మన దేశంలో కమ్యూనిటీ టీవీ అనే లైసెన్సే లేదమ్మా, లేనిదాన్ని ఆయన ఎక్కణ్నుంచి తెస్తాడు?

కమ్యూనిటీ రేడియోకి ఉంది. 2002లో విద్యాసంస్థలకు ఇచ్చారు, 2006లో స్వచ్ఛంద సంస్థలకూ ఇచ్చారు, ఆ వరసలోనే 2008లో జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళల సంఘం రేడియో మొదలైంది. మీ పెద్దమనిషి రేడియో అని ఉన్నచోట టీవీ అని చదువుకున్నాడో, లేక మీరెలాగూ చదవరులే అనుకున్నాడో మరి.

టీవీకి ఉన్నవి రెండే దారులు. ఒకటి శాటిలైట్ ఛానల్. దానికి కంపెనీ ఉండాలి, ఆ కంపెనీ నికర విలువ వార్తలు కాని ఛానల్‌కైతే 5 కోట్లు, వార్తల ఛానల్‌కైతే 20 కోట్లు ఉండాలి. ఇక దాని సంగతి వదిలేద్దాం.

రెండోది మీ ఇంట్లో ఇప్పటికే వస్తోంది. కేబుల్లో వచ్చే లోకల్ ఛానల్ చూస్తుంటారుగా, పుట్టినరోజు ఫొటోలు, కింద చీటీల కంపెనీ స్క్రోలింగ్, మధ్యాహ్నం ఓ పాత సినిమా, దసరా వచ్చిందంటే ఇంద్రకీలాద్రి నుంచి లైవ్, అదే. కాగితాల్లో దాని పేరు ప్లాట్‌ఫామ్ సర్వీస్. అది నెలనెలా మీ ఇంటికొచ్చి డబ్బులు తీసుకెళ్లే కుర్రాడిది కాదు, అతనికి సిగ్నల్ ఇచ్చే పై ఆపరేటరుది, ఎమ్మెస్వో అంటారు. 2022 నవంబరులో కేంద్రం దీనికి నిబంధనలు తెచ్చింది. ఒక్కో లోకల్ ఛానల్‌కి రిజిస్ట్రేషన్ ఫీజు అక్షరాలా 1,000 రూపాయలు, అదీ ఎమ్మెస్వో కట్టుకునేదే. అతను మొత్తం ఇచ్చే ఛానళ్లలో ఇవి 5 శాతం దాటకూడదు, జిల్లా స్థాయిలో ఇంకో రెండు పెట్టుకోవచ్చు, వేసిన ప్రతి కార్యక్రమం రికార్డింగూ 90 రోజులు దాచాలి, స్థానిక వార్తలు చెప్పాలంటే మాత్రం ఆ ఎమ్మెస్వో కంపెనీగా నమోదై ఉండాలి. మీకు బాగా తగిలేది ఇంకోటుంది. ఒక ఎమ్మెస్వో లోకల్ ఛానల్లో వేసింది ఇంకో ఆపరేటరుకి ఇవ్వకూడదు. అంటే మీ సందులో సగం ఇళ్లకు ఒక కేబులు, మిగతా సగానికి వేరే కేబులో డిష్షో ఉంటే, మీ కార్యక్రమం సగం సందుకే. గుళ్లూ గురుద్వారాల లాంటి చోట్ల నుంచి వచ్చే లైవ్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అమ్మవారి దర్శనం అన్ని కేబుళ్లలోనూ దొరుకుతుంది, మీ డ్రైనేజీ గొడవ ఒక్కదాంట్లోనే.

ఇది ఇలాగే ఉండాలని రూలేం లేదు. అమెరికాలో కేబుల్ కంపెనీ ఊళ్లో వైర్లు లాక్కోవాలంటే ఊరికి ఫీజు కట్టాలి, ఆదాయంలో 5 శాతం దాకా ఊరు వసూలు చేసుకోవచ్చు, జనానికో ఛానల్ వదలమని అడగొచ్చు. మెల్‌బోర్న్‌లో 1994 నుంచి ఛానల్ 31 అని ఒకటి నడుస్తోంది, వేరే దేశాల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు తమ భాషల్లో తామే కార్యక్రమాలు చేసిస్తారు. దాన్నీ ప్రశాంతంగా ఉండనివ్వలేదు లెండి, ఆ తరంగాలు వెనక్కి తీసుకుంటామని 2014లోనే ప్రభుత్వం చెప్పింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి గడువు మీద గడువు నడిచింది. మన 1995 కేబుల్ చట్టంలో దూరదర్శన్ ఛానళ్లు తప్పక ఇవ్వాలని ఉంది, జనానికి కాస్త టైమివ్వాలని ఒక్క ముక్క లేదు. అదే ఏడాది సుప్రీంకోర్టు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పిచ్చింది, ఆ తీర్పు రాసినవాళ్లలో మన తెలుగాయన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. తీర్పు వచ్చి ముప్ఫై ఏళ్లు దాటినా టీవీ దగ్గర ఆ ఆస్తిలో మన వాటా మాత్రం ఇంకా చేతికి రాలేదు.

వరద గురించి ఒక మాట, కోపం తెచ్చుకోకండి. ఆ రోజుల్లో మీకు కరెంటే లేదు కదా, సొంత టీవీ ఉన్నా ఎవరు చూసేవాళ్లు? నీళ్లలో ఉన్నప్పుడు పనికొచ్చేది బ్యాటరీ రేడియో. టీవీ అవసరం నీళ్లు తీశాక మొదలవుతుంది. గ్రౌండ్ ఫ్లోర్‌కి 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు అని ప్రభుత్వం సాయం ప్రకటించాక ఎన్ని అనుమానాలు! అద్దెకున్నవాళ్ల పేరు రాస్తారా, ఇంటాయన పేరా, లిస్టు ఎక్కడ పెట్టారు, ఏ కాగితాలు పట్టుకెళ్లాలి, పేరు లేకపోతే ఎవర్ని అడగాలి. ఇవి పెద్ద ఛానల్లో రెండు నిమిషాలు చెప్తారు, అదీ తెలుగులోనే. మీ సందులో ఉర్దూలో ఓ నానీ, ఒడియాలో ఓ మేస్త్రీ కూర్చుని నిదానంగా చెప్పే అరగంట కార్యక్రమం వచ్చి ఉంటే ఎంతమందికి తిరుగుడు తప్పేదో ఆలోచించండి.

అందుకే నా సలహా, సొంత ఛానల్ మాట మర్చిపోయి ముందు మీ ఎమ్మెస్వోని లోకల్ ఛానల్లో వారానికో అరగంట అడగండి. నేను గుంటూరులో ఓ లోకల్ ఛానల్‌కి రెండేళ్లు అలా చేసిచ్చాను. వాళ్లకీ ఖాళీ టైము నింపుకోవాలి కాబట్టి ఒప్పుకుంటారు. కాకపోతే నాలుగు వారాలు ఉత్సాహంగా తీశాం, ఐదో వారం చూపించడానికి ఏమీ లేదు, పాతదే మళ్లీ వేయించాం, సిగ్గేసింది. కాబట్టి ఎనిమిది వారాలకు సరిపడా తీసి పెట్టుకున్నాకే అడగడానికి వెళ్లండి. కెమెరా కొనకండి, ఫోను చాలు, కాలర్ మైకు మాత్రం మంచిది కొనండి, బొమ్మ అటూ ఇటూ ఉన్నా జనం చూస్తారు గానీ మాట వినపడకపోతే ఛానల్ మార్చేస్తారు. వెనకాల సినిమా పాట పెట్టొద్దు, హక్కుల గొడవ. రికార్డింగు మీ సొంతమని, యూట్యూబ్‌లో పెట్టుకునే హక్కు మీకుంటుందని కాగితం మీద రాయించుకోండి. వార్తల జోలికి వెళ్లేముందు ఆ ఎమ్మెస్వో కంపెనీయేనా అని అడగండి. ఏది వేయాలో మీ పదిమందిలో ఎవరు తేలుస్తారన్నది కూడా ఇప్పుడే అనుకోండి. మా దగ్గర ఆ మాట ముందు అనుకోక, ఓ కార్పొరేటరు గారి పుట్టినరోజు పదకొండు నిమిషాలు నడిచింది.

ప్రశ్న: యూట్యూబ్ ఉండగా ఇంకా కేబుల్ చుట్టూ తిరగడం ఎందుకండీ?
– ఓ డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: మీ నాయనమ్మని అడగండి బాబూ. ఆవిడ చేతిలో రిమోట్ ఉంటుంది, ఫోను మీ చేతిలో ఉంటుంది. రెండిట్లోనూ వేసుకోండి, కేబుల్లో వచ్చింది ఇంట్లో నలుగురూ కూర్చుని చూస్తారు, యూట్యూబ్‌లోది ఎప్పుడు కావాలంటే అప్పుడు వెతుక్కోవచ్చు.

ప్రశ్న: మా ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, రెండూ కలిసిపోయి మాట్లాడతాం. కార్యక్రమం తీస్తే ఏ భాషలో తీయాలి? స్వచ్ఛమైన ఉర్దూ రాదని మావాళ్లే నవ్వుతారేమోనని టెన్షన్.
– ఓ గృహిణి, గుంటూరు

జవాబు: ఎలా మాట్లాడతారో అలాగే తీయండి. 2022లో ఉర్దూని రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు, కానీ అది కాగితాల కోసం, మీ వంటింట్లో మాటకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కింద తెలుగులో అక్షరాలు వేయండి. ఒక్క జాగ్రత్త, ఆ అక్షరాలు తెరకి మరీ అడుగున పెట్టకండి. మేం అలాగే పెట్టాం, సరిగ్గా దాని మీదే బంగారం తాకట్టు ప్రకటన స్క్రోలింగ్ పోతుండేది, ఓ పెద్దావిడ మక్కా ప్రయాణం గురించి కళ్లనీళ్లతో చెప్తుంటే కింద గ్రాముకి ఎంతిస్తారో వచ్చింది.