పెంపుడు జంతువుల యాప్: టీకా తేదీ ఎక్కడ తప్పుతోంది?

ప్రశ్న: ఇంటికే వెళ్లి కుక్కలకు స్నానం చేయించడం, గోళ్లు కత్తిరించడం, డాక్టర్‌తో టీకాలు వేయించడం కోసం ముగ్గురం కలిసి యాప్ తయారుచేస్తున్నాం. కుక్కపిల్ల పుట్టిన తేదీ ఇస్తే టీకాల తేదీలన్నీ యాపే లెక్కగడుతుంది. ట్రయల్ చూసిన పశువైద్యుడు ఈ తేదీలు పనికిరావన్నారు. లోపం ఎక్కడ?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: డాక్టర్‌గారు సరిగ్గానే చెప్పారు. పుట్టిన తేదీ మొదటి డోసుకూ, ఏ డోసు నాటికి వయసెంతో చూడటానికీ ఆధారం. ఆపైన ప్రతి తేదీనీ కిందటి డోసు నిజంగా వేసిన రోజు నుంచి లెక్కగట్టాలి. కుక్కలకు వచ్చే ప్రాణాంతక వైరస్ జబ్బులైన పార్వో, డిస్టెంపర్‌లకు కలిపి వేసే టీకా 6–8 వారాల వయసులో మొదలై, 2 నుంచి 4 వారాల ఎడంతో 16 వారాలు నిండేదాకా సాగుతుంది. ముర్రుపాలతో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వవు. అవి ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతాయో ముందుగా తెలియదు. కాబట్టి ఎన్ని డోసులు పడ్డాయన్న దానికంటే ఆఖరి డోసు నాటికి పిల్ల వయసెంత అన్నదే యాప్ చూడాలి. 6, 9, 12 వారాల్లో మూడు వేయించిన పిల్లకు మీ యాప్ ‘పూర్తయింది’ అని పచ్చ టిక్కు పెట్టిందనుకోండి, ఇంట్లోవాళ్లు నిశ్చింతగా దాన్ని పార్కులో వదులుతారు. పార్వో సోకితే ఆ పిల్ల ప్రాణానికే ముప్పు. 16 వారాలప్పటి డోసు తప్పక చూపించండి. రేబిస్ టీకా 12 వారాలు నిండాక ఒకటి, ఏడాదికి మళ్లీ ఒకటి.

వీధిలోంచి తెచ్చి పెంచుకుంటున్న కుక్కపిల్లలకు పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. ఆ గడి తప్పనిసరి చేస్తే జనం జనవరి 1 నొక్కేసి ముందుకెళ్తారు. అక్కడి నుంచి లెక్కంతా తప్పే. ‘సుమారు వయసు’ అని ఇంకో దారి ఉంచండి. తేదీని 05/06 అని చూపిస్తే ఒకరు జూన్ 5 అనుకుంటారు, ఇంకొకరు మే 6 అనుకుంటారు. నెలను అక్షరాల్లోనే రాయండి.

టీకా పుస్తకంలో సీసా మీది లేబుల్ ఊడదీసి అతికిస్తారు కదా, ఆ పేజీ ఫోటో తీయించండి. టీకా పేరు, బ్యాచ్ నంబరు, వేసిన తేదీ, డాక్టర్ వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు పక్కనే నింపించండి. తర్వాతి తేదీని యాప్ సూచించొచ్చు గానీ, ఖాయం చేసే బటన్ డాక్టర్ లాగిన్‌లోనే ఉండాలి.

ప్రశ్న: కొందరి ఫోన్లలో రిమైండర్లు అసలు రావడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు యజమాని అనుమతి ఇవ్వాల్సిందే. యాప్ తెరవగానే అడిగితే చాలామంది వద్దంటారు. రెండుసార్లు వద్దన్నాక ఆ పెట్టె మళ్లీ రాదు. మొదటి టీకా తేదీ సేవ్ చేసిన మరుక్షణం ‘ఈ తేదీకి గుర్తుచేయమంటారా?’ అని అడగండి, అప్పుడైతే ఒప్పుకుంటారు. బ్యాటరీ ఆదా కోసం కొన్ని ఫోన్లు వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తాయి. అందుకని అలారాన్ని ఫోన్‌లో పెట్టి ఊరుకోవద్దు. సర్వర్ నుంచి పంపండి, వారం ముందు ఒకటి, ముందురోజు ఒకటి. టీకా వేసినట్టు నమోదు కాకపోతే మూడోరోజున ఎస్సెమ్మెస్ పంపండి.

తెలుగు ఎస్సెమ్మెస్‌లో 70 గుర్తులే పడతాయి. ‘స్త్రీ’ చూడటానికి ఒక్క అక్షరమే గానీ లెక్కలో ఆరు గుర్తులు. ‘చిన్ను రేబిస్ టీకా తేదీ 5 జూన్.’ అంటే 31. డెబ్బై దాటితే రెండు మెసేజ్‌ల ఖర్చు. వ్యాపార ఎస్సెమ్మెస్‌ల కోసం టెలికాం సంస్థలు నడిపే నమోదు వేదిక డీఎల్‌టీలో మెసేజ్ టెంప్లేటు నమోదు ముందే చేయించుకోవాలి.

ప్రశ్న: ఒకే సమయానికి ఒకే గ్రూమర్‌కు (స్నానం, గోళ్లు, బొచ్చు పని చేసేవారికి) రెండు బుకింగ్‌లు పడుతున్నాయి.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఖాళీ ఉందో లేదో తెరమీద చూసి వదిలేస్తున్నట్టున్నారు. ఇద్దరు ఒకే క్షణంలో నొక్కితే ఇద్దరికీ ఖాళీగానే కనిపిస్తుంది. ఒకే గ్రూమర్‌కు రెండు బుకింగ్‌ల సమయాలు ఒకదానిమీద ఒకటి పడకుండా డేటాబేస్‌లోనే నిబంధన పెట్టండి. అన్నిటికీ గంట స్లాటే ఇస్తే అదీ చిక్కే. పొట్టి బొచ్చు లాబ్రడార్‌కు గంట చాలొచ్చు, జడలు కట్టిన షీట్జూకి రెండు గంటలైనా పట్టొచ్చు. బుకింగ్‌లోనే ఒక ఫోటో అడగండి. ‘కరుస్తుందా?’ అంటే అందరూ లేదనే అంటారు. ‘గోళ్లు కత్తిరించేటప్పుడు ఎలా ఉంటుంది?’ అని అడగండి, నిజం బయటికొస్తుంది. మత్తుమందు గ్రూమర్ చేతిలో పెట్టొద్దు, అది డాక్టర్ పని.

ప్రశ్న: చనిపోయిన కుక్కకు టీకా మెసేజ్ వెళ్లింది. ఆ ఇంట్లో అందరూ ఏడ్చారట. ఇలా మళ్లీ జరగకూడదు.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: వారాల ముందే తయారై వరుసలో నిలిచిన మెసేజ్‌ల వల్ల ఇలా జరుగుతుంది. ప్రొఫైల్ మూసినా అవి బయల్దేరతాయి. పంపే క్షణంలో ఆ జంతువు స్థితిని మరోసారి చూసుకునేలా మార్చండి. ప్రొఫైల్‌లో ‘ఇక మాతో లేదు’ అనే ఒక్క బటన్ పెట్టండి, కారణం అడగొద్దు. టీకా, పుట్టినరోజు, ఆఫర్ మెసేజ్‌లు, నెలవారీ ప్యాకేజీకి డబ్బు కోత అన్నీ ఆ ఒక్క నొక్కుతో ఆగాలి. ఇంట్లో ఉన్న మిగతా జంతువుల రిమైండర్లు మాత్రం కొనసాగాలి. ఫోటోలు, వైద్య వివరాలు మీరుగా తొలగించొద్దు. కొన్నాళ్లకు వాళ్లు వాటికోసం వెతుక్కుంటూ వస్తారు, అప్పటికి డౌన్‌లోడ్ చేసుకునే వీలు సిద్ధంగా ఉంచండి.